ఇంటి నుంచి మెడికల్ బిల్లింగ్ కోర్సు: చేరే ముందు, చేరాక తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా వీధివాళ్లకు నేను ఇంటి నుంచి మెడికల్ బిల్లింగ్ పని చేస్తానని తెలిసిన నాటి నుంచి, డిగ్రీ పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు మొదలుకొని పెళ్లయ్యాక ఉద్యోగం మానేసిన గృహిణుల వరకు చాలామంది దాదాపు ఇవే సందేహాలతో వస్తున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. ఏ సంస్థ మంచిదో ఇందులో చెప్పలేదు. సంస్థను ఎలా పరీక్షించుకోవాలో మాత్రమే చెప్పాను.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మెడికల్ బిల్లింగ్, మెడికల్ కోడింగ్ ఒకటేనా? ప్రకటనల్లో రెండూ కలిపే రాస్తున్నారు కదా?

ఒకటి కాదు. డాక్టరు రాసిన నోట్సు చదివి, రోగికి ఉన్న జబ్బుకూ చేసిన చికిత్సకూ నిర్ణీత కోడ్‌లు కేటాయించడం కోడింగ్. ఆ కోడ్‌లతో బీమా కంపెనీకి క్లెయిమ్ పంపి, డబ్బు చేతికి వచ్చేదాకా వెంటపడటం బిల్లింగ్. పాలసీ చెల్లుతుందో లేదో సరిచూడటం, చేసిన చికిత్సల కోడ్‌లనూ ధరలనూ నమోదు చేసే ఛార్జ్ ఎంట్రీ, క్లెయిమ్ పంపడం, వచ్చిన సొమ్మును ఖాతాలో చూపే పేమెంట్ పోస్టింగ్, తిరస్కరణకు గురైన క్లెయిముల గురించి కంపెనీకి ఫోన్లు చేసే ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావలసిన బాకీలు) పని, ఇవన్నీ బిల్లింగ్ కిందికే వస్తాయి. కోడింగ్ నిశ్శబ్దంగా కూర్చొని చదివే పని అయితే, బిల్లింగ్ సగం లెక్కలు, సగం వాదన. మన దగ్గర అమ్ముతున్న కోర్సుల్లో చాలావాటి పేరులో రెండూ ఉన్నా, లోపల బోధించేది ఎక్కువగా కోడింగే. అందుకే మొత్తం గంటల్లో బిల్లింగ్‌కు ఎన్ని కేటాయించారో సూటిగా అడగండి. ఇంకొక సంగతి, ఈ కోర్సులు దాదాపు అన్నీ అమెరికా ఆరోగ్య బీమా విధానానికి సంబంధించినవే.

నేను బీకాం చదివాను, బయాలజీ పదో తరగతితోనే వదిలేశాను. పనికొస్తానా?

బిల్లింగ్‌కు తప్పకుండా పనికొస్తారు. కోడింగ్‌కు శరీర నిర్మాణం, వైద్య పదజాలం బాగా కావాలి కాబట్టి ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవారికి కంపెనీలు ముందు పిలుపునిస్తాయి. బిల్లింగ్‌లో మాత్రం బాకీ ఎక్కడ ఆగిందో పట్టుకోగల బుద్ధి ముఖ్యం. అమెరికాలో వృద్ధులకు ఉన్న ప్రభుత్వ బీమా పథకం మెడికేర్‌నే తీసుకుంటే, చికిత్స జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ చేరకపోతే ఆ సొమ్ము పోయినట్టే; ప్రైవేటు కంపెనీలు కొన్ని అంతకంటే తక్కువ గడువే ఇస్తాయి. ఏ బాకీ ఎన్నాళ్ల నుంచి ఉంది, దేన్ని ముందు కదిలించాలి అన్న పట్టిక చూడగానే బీకాం వారికి అది ఇంటి భాషలా అనిపిస్తుంది. వైద్య పదాలు రెండు మూడు వందలు నేర్చుకుంటే తొలి మెట్టు దాటవచ్చు.

మా ఊరి ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో చేసే పనికి ఈ కోర్సు ఉపయోగపడుతుందా?

కొంతవరకే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో బీమా డెస్కు అంటే ప్రధానంగా ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్, ఉద్యోగుల పథకాలు, టీపీఏల (బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థల) ద్వారా నడిచే నగదు రహిత పాలసీలు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పరిమితిని రూ.10 లక్షలకు పెంచింది. అక్కడ ఒక్కొక్క చికిత్సకు ముందే ఖరారైన ప్యాకేజీ ధర ఉంటుంది. అమెరికా బిల్లింగ్‌లోని చికిత్స కోడ్‌లతో పని ఉండదు. ప్రైవేటు పాలసీల విషయంలో నగదు రహిత అనుమతిని గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిని మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మేలో ఆదేశించింది కాబట్టి, ఆ డెస్కులో పని చేసేవారికి కాగితాలు వెంట వెంటనే సరిగ్గా పంపే నేర్పు కావాలి. ముందస్తు అనుమతి, పత్రాల కొరత, తిరస్కరణ, అప్పీలు అన్న ఆలోచనా క్రమం రెండుచోట్లా ఒకటే. మీ లక్ష్యం ఊళ్లోని ఆస్పత్రి కౌంటరే అయితే, అమెరికా కోర్సుకు డబ్బు పోసే బదులు ఏదైనా ఆస్పత్రి బీమా డెస్కులో మూడు నెలలు శిక్షణార్థిగా కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ మాట్లాడలేకపోతే చేరడం దండగేనా?

ఏ పని కోరుకుంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఏఆర్ కాలర్‌గా చేరాలంటే అమెరికా బీమా కంపెనీ ప్రతినిధితో మాట్లాడక తప్పదు. ఛార్జ్ ఎంట్రీ, పేమెంట్ పోస్టింగ్, కోడింగ్ పనులకు చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. ఏఆర్ ఫోన్లలో కూడా అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు: క్లెయిమ్ చేరిందా, ఏ తేదీన చూశారు, ఎందుకు ఆపారు, మళ్లీ పంపాలంటే గడువు ఎంత, ఈ సంభాషణకు రిఫరెన్సు నంబరు ఏది. నేను మొదటి నెలలో ఈ ఐదింటినీ ఒక అట్టముక్క మీద రాసి మానిటరుకు ఆనించి పెట్టుకొనేవాడిని. అవతలివాళ్ల యాసకు చెవి అలవాటు పడటానికే ఎక్కువ కాలం పట్టింది.

డబ్బు కట్టకుండా, ఇది నాకు నప్పుతుందో లేదో చూసుకొనే మార్గం ఉందా?

ఉంది. జబ్బుల కోడ్‌లైన ఐసీడీ-10-సీఎం పట్టికలు, వాటిని ఎలా వాడాలో చెప్పే అధికారిక మార్గదర్శకాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. మెడికేర్‌ను నడిపే సంస్థ సీఎంఎస్ బిల్లింగ్ మీద ఉచిత పాఠాలు కూడా పెట్టింది. పది రోజులు, రోజుకు గంట చొప్పున ఆ మార్గదర్శకాలను చదవండి. నిద్ర ముంచుకొస్తే అది మీ తప్పు కాదు, ఆ రచనా శైలి అలాంటిది. కానీ పదో రోజుకు కూడా ఏ ఒక్క నియమం మీదా ‘ఎందుకు ఇలా పెట్టారు’ అన్న ప్రశ్న పుట్టకపోతే, ఫీజు కట్టే ముందు మరోసారి ఆలోచించడం మంచిది.

## కోర్సులను పోల్చి చూస్తున్నప్పుడు

సిలబస్‌లు అన్నీ ఒకేలా ఉన్నాయి. మంచి కోర్సును ఎలా గుర్తుపట్టాలి?

సిలబస్‌ను బట్టి గుర్తుపట్టలేరు, ఎందుకంటే అందరూ ఒకరి దాన్ని చూసి మరొకరు రాసుకున్నదే. అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నేను చేసిన తప్పును ఎవరు, ఎన్ని రోజుల్లో, ఎలా దిద్దుతారు? బిల్లింగ్ అంటేనే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకొనే వృత్తి. విద్యార్థి తప్పును దిద్దే మనిషే లేని కోర్సు ఈ వృత్తిని నేర్పలేదు.

ఒక చిన్న కేసు చూడండి. షుగర్ ఉన్న రోగి తనను ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికి వస్తాడు. డాక్టరు షుగర్ పరిస్థితి చూసి మందులు మారుస్తాడు. అదే రోజు కుడి మోకాలి అరుగుదలకు కీలులో ఇంజెక్షన్ కూడా ఇస్తాడు. క్లెయిములో రెండు వరుసలు పడాలి. మొదటిది డాక్టరు చూసినందుకు 99213, దానికి జతగా షుగర్ కోడ్ ఇ11.9. రెండోది ఇంజెక్షన్‌కు 20610, దానికి జతగా కుడి మోకాలి కోడ్ ఎం17.11. ఇంజెక్షన్ వరుసకు కుడివైపు అని తెలిపే ఆర్‌టీ మాడిఫయర్ (కోడ్ చివర జతచేసే రెండక్షరాల లేదా రెండంకెల గుర్తు), మొదటి వరుసకు అదే రోజు విడిగా, ప్రత్యేకంగా రోగిని చూశారని తెలిపే 25 మాడిఫయర్ తగిలించాలి. 25 మరిచిపోయారా, డాక్టరు చూసిన ఫీజు ఇంజెక్షన్ ధరలోనే కలిసి ఉందంటూ సీఓ-97 అనే కారణంతో ఆ వరుసను తిరస్కరిస్తారు. ఎం17.11కు బదులు ఎం17.12 పడిందా, అది ఎడమ మోకాలు. ఇంజెక్షన్ ఒక కాలికి, జబ్బు మరో కాలికి అయి కూర్చుంటుంది.

డెమో క్లాసులో ఈ కేసును బోధకుడి ముందు పెట్టి, క్లెయిమ్ ఫారం నింపి చూపమనండి. నింపాక 25 తీసేసి, ఇప్పుడేమవుతుందని అడగండి. తిరస్కరణ ఎలా వస్తుందో, సరిదిద్దిన క్లెయిమును తిరిగి ఎలా పంపాలో చెప్పగలిగితే ఆయన ఆ పని చేసినవాడు. ‘అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో వస్తుంది’ అంటే మర్యాదగా సెలవు తీసుకోండి.

రికార్డు చేసిన పాఠాలు చాలవా? లైవ్ క్లాసులకు ఎక్కువ అడుగుతున్నారు.

పాఠం వినడానికి రికార్డింగే నయం. ఆపి ఆపి వినవచ్చు, ఇంట్లో పనులు చూసుకొని రాత్రి పూట వినవచ్చు. అభ్యాసానికి మాత్రం మనిషి కావాలి. నేను మొదట చేరిన కోర్సులో వీడియోలు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకొనే పరీక్షలు తప్ప మరేమీ లేవు. సందేహం పంపితే పదకొండు రోజులకు ‘వీడియో మళ్లీ చూడండి’ అని జవాబు వచ్చింది. బీమా కంపెనీతో ఒప్పందం ప్రకారం డాక్టరు వదులుకోవలసిన మొత్తాన్ని రోగి బాకీగా చూపడం నేను ఆ కోర్సు పూర్తయ్యేదాకా చేస్తూనే ఉన్నాను. ఉద్యోగంలో చేరిన రెండో వారంలో మా టీమ్ లీడ్ మేడమ్ పక్కన కూర్చొని దిద్దేదాకా అది తప్పని కూడా నాకు తెలియదు. కాబట్టి పాఠాలు రికార్డు చేసినవైనా ఫరవాలేదు, వారానికి ఒక్కసారైనా మీరు నింపిన క్లెయిములను తెరిచి తప్పులు చూపే ప్రత్యక్ష సమయం ఉందో లేదో చూసుకోండి. అలాంటి సమయం లేని లైవ్ క్లాసుకు ఎక్కువ ఇవ్వడం అనవసరం.

పాత సంవత్సరం పుస్తకాలు, పీడీఎఫ్‌లు ఇస్తామంటున్నారు. ఏమవుతుంది?

కోడ్‌లు ఏటా మారుతాయి. జబ్బుల కోడ్‌ల కొత్త ఏడాది అక్టోబరు 1న, చికిత్సల కోడ్‌లైన సీపీటీ కొత్త ఏడాది జనవరి 1న మొదలవుతుంది. ఒక్కోసారి నియమమే మారిపోతుంది: క్లినిక్‌లో డాక్టరు చూసినందుకు వేసే కోడ్‌ను ఎంచుకొనే పద్ధతి 2021 జనవరి 1 నుంచి మారి, వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనది లేదా మొత్తం ఎంత సమయం పట్టింది అన్నదే ఆధారమైంది. అంతకు ముందరి నోట్సుతో చదివినవారు పాత లెక్కలోనే ఉండిపోతారు. ఇక సీపీటీ మీద హక్కులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌వి. వాట్సాప్‌లో తిరిగే దాని పీడీఎఫ్‌లు దొంగ ప్రతులే. ‘మెటీరియల్ మొత్తం ఫ్రీ’ అని అలాంటివి పంచే సంస్థ మిగతా విషయాల్లో ఎంత నిజాయతీగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

‘ప్రభుత్వ గుర్తింపు పొందిన కోర్సు’ అని రాశారు. నమ్మవచ్చా?

ఏ గుర్తింపు అన్నది అడిగి, ఆ పత్రం చూడండి. చాలాచోట్ల చూపించేది చిన్న పరిశ్రమగా నమోదు చేసుకున్న ఉద్యమ్ పత్రం, జీఎస్టీ నమోదు, లేదా ఐఎస్ఓ ధ్రువపత్రం. ఇవి ఆ వ్యాపారం ఉన్నదని చెబుతాయి తప్ప, అక్కడి చదువు మంచిదని చెప్పవు. దూరవిద్య డిగ్రీలకు యూజీసీ అనుమతి కావాలి. కొన్ని నెలల ప్రైవేటు బిల్లింగ్ కోర్సు ఆ కోవలోకే రాదు, కాబట్టి యూజీసీ పేరు వాడితే అనుమానించాలి. ఈ రంగంలో యజమానులు పట్టించుకొనేవి అమెరికాలోని ఏఏపీసీ, అహిమా అనే వృత్తి సంఘాలు పరీక్ష పెట్టి ఇచ్చే ధ్రువపత్రాలు. కోచింగ్ సంస్థ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే సర్టిఫికెట్ వాటికి సాటి రాదు.

## డబ్బు కట్టే ముందు, కట్టాక

చెప్పిన ఫీజు కాకుండా ఇంకా ఏమేమి ఖర్చులు ఉంటాయి?

కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, పుస్తకాలు, సాధన సాఫ్ట్‌వేర్, పరీక్ష రాస్తే డాలర్లలో లెక్కగట్టే పరీక్ష ఫీజు, దానితోపాటు ఏటా కట్టే సంఘ సభ్యత్వం. ఇవి ఫీజులో కలిసి ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా కాగితం మీద రాయించుకోండి. వాయిదాల్లో కట్టవచ్చంటే, ఆ వాయిదాలు సంస్థకు నేరుగా కడుతున్నారా, లేక ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద అప్పు తీస్తున్నారా అన్నది తప్పక తెలుసుకోండి. అప్పయితే మీరు కోర్సు మానేసినా ఈఎంఐ ఆగదు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పిన క్షణంలోనే మీరు సంతకం చేసినట్టు లెక్క.

నూరు శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. అంతకంటే ఏం కావాలి?

ఆ గ్యారంటీ అర్థమేమిటో రాతపూర్వకంగా కావాలి. ఎన్ని ఇంటర్వ్యూలు, ఏ పనికి, ఏ ఊళ్లో, ఉద్యోగం రాకపోతే ఎంత డబ్బు వెనక్కి, ఎన్నాళ్లలో. ‘ఇంటర్వ్యూ ఇప్పిస్తాం’ అన్నది గ్యారంటీ కాదు. ఫ్రెషర్ల వాకిన్‌లకు మీరు సొంతంగా కూడా వెళ్లవచ్చు. ఉద్యోగం ఖాయమన్న అబద్ధపు హామీలతో కోచింగ్ సంస్థలు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. గత బ్యాచ్‌లో చేరినవారిలో ఇద్దరు ముగ్గురితో, సంస్థ ఎంచిన వారితో కాకుండా మీరు వెతికి పట్టుకున్నవారితో, మాట్లాడండి. మన దగ్గర అది కష్టం కాదు. హనుమకొండ సుబేదారి నుంచి ఫోన్ కలిపితే మూడో మనిషి ఎవరికో తెలిసే ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి బాండు రాయమంటున్నారు. ఇవ్వాలా?

ఇవ్వకండి. జిరాక్సు ప్రతులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి.

ఫీజు కట్టేశాను, చెప్పింది ఒకటి, చేస్తున్నది ఒకటి. డబ్బు వెనక్కి వస్తుందా?

ముందు సంస్థకు ఈమెయిల్ రూపంలో ఫిర్యాదు రాయండి. ఫోన్‌లో పోట్లాడితే ఆధారం మిగలదు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, రసీదులు, వాట్సాప్ సంభాషణలు భద్రపరచండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం సంస్థ ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లు గడువు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే కమిషన్‌కు రుసుము లేదు. చిన్న మొత్తమే కదా అని చాలామంది వదిలేస్తారు, అలాంటి సంస్థలకు ధైర్యమిచ్చేది ఆ మొహమాటమే.

## చదువుతున్నప్పుడు

ఎన్ని నెలల్లో పూర్తవుతుంది? నలభై ఐదు రోజుల్లో నేర్పుతామంటున్నారు.

రోజుకు రెండు గంటలు నిలకడగా కూర్చుంటే బిల్లింగ్‌కు నాలుగైదు నెలలు, కోడింగ్ కూడా కలిపితే ఎనిమిది నెలలు అవసరమని నా అంచనా. నలభై ఐదు రోజుల్లో పదాలు వినవచ్చు, చేయి తిరగదు. బతుకమ్మ, దసరా, ఇంట్లో పెళ్లిళ్లు, వరి కోతలు అన్నీ లెక్కలో వేసుకొని ప్రణాళిక వేయండి. పండుగ సెలవుల తర్వాత కోర్సు వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. పాఠాలు చూసే అనుమతి ఎంతకాలం ఉంటుందో కూడా అడిగిపెట్టుకోండి.

ఫోన్‌తో చదవవచ్చా, ల్యాప్‌టాప్ కొనాలా?

వీడియోలకు ఫోన్ చాలు, సాధనకు చాలదు. ఒక పక్క డాక్టరు నోట్సు, మరో పక్క క్లెయిమ్ తెరిచి ఉంచాలి కాబట్టి పెద్ద తెర కావాలి. సెకండ్ హ్యాండ్‌ది అయినా సరిపోతుంది.

## పరీక్ష, ఉద్యోగం

సీపీసీ రాయాలా, సీపీబీ రాయాలా? ఏదీ రాయకపోతే?

రెండూ ఏఏపీసీ పెట్టే పరీక్షలే. సీపీసీ కోడింగ్‌కు సంబంధించినది: నాలుగు గంటలు, 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే ఉత్తీర్ణత, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకొని రాయవచ్చు. సీపీబీ బిల్లింగ్‌కు సంబంధించినది. సీపీసీ గట్టెక్కిన కొత్తవారికి పేరు చివర అప్రెంటిస్ అని సూచించే ‘ఎ’ అక్షరం ఉంటుంది. అది తొలగాలంటే సాధారణంగా రెండేళ్ల అనుభవం చూపాలి. ధ్రువపత్రం నిలబడాలంటే రెండేళ్లకోసారి 36 నిరంతర విద్యా పాయింట్లు కూడబెట్టుకోవాలి. నా సలహా: కోడింగ్ ఉద్యోగమే కావాలంటే సీపీసీ కోసం కష్టపడండి. బిల్లింగ్, ఏఆర్ పనుల్లోకి ఫ్రెషర్లను ఏ పరీక్షా లేకుండానే తీసుకుంటున్నారు కాబట్టి, ముందు ఉద్యోగంలో చేరి, జీతంలోంచి పరీక్ష ఫీజు కట్టుకోవడం నయం.

వరంగల్‌లోనే ఉండి చేయవచ్చా? నైట్ షిఫ్టు తప్పదా?

మడికొండ ఐటీ పార్కులో 2020 నుంచి పెద్ద కంపెనీల కార్యాలయాలు ఉన్నా, ఈ రంగంలో ఫ్రెషర్ల నియామకాలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే. మొదటి ఏడాది అక్కడ ఉండటానికి మానసికంగా సిద్ధపడండి. పని చేతికి వచ్చాక ఇంటి నుంచి చేసే అవకాశం అడగవచ్చు. ఏఆర్ కాలర్లకు రాత్రి పని తప్పదు. న్యూయార్క్‌లో ఉదయం 8 అయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం 5.30, చలికాలంలో 6.30, అక్కడి కార్యాలయాలు మూసేసరికి ఇక్కడ తెల్లవారుజాము 2.30, 3.30 అవుతుంది. పేమెంట్ పోస్టింగ్, కోడింగ్‌లకు పగటి షిఫ్టులు దొరుకుతాయి. అమెరికా 1996లో చేసిన హిపా చట్టం రోగి వివరాల గోప్యతను కోరుతుంది గనుక, ఇంటి నుంచి పని అంటే తలుపు వేసుకోగల గది కావాలి. టీవీ నడిచే హాలులో కుదరదు.

ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

కోపే (డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ రోగి కట్టే స్థిర మొత్తం), డిడక్టిబుల్ (బీమా కంపెనీ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా రోగి భరించవలసిన మొత్తం), కోఇన్సూరెన్స్ (ఆ తర్వాత ధరలో రోగి కట్టే శాతం)ల తేడా అడుగుతారు, ఆ తర్వాత చిన్న లెక్క ఇస్తారు. డాక్టరు 150 డాలర్లకు బిల్లు వేశాడు. ఒప్పందం ప్రకారం బీమా కంపెనీ ఆ పనికి ఒప్పుకున్న ధర 100. రోగి డిడక్టిబుల్ పూర్తయింది, కోఇన్సూరెన్స్ 20 శాతం. ఎవరెవరు ఎంత కట్టాలి? కంపెనీ 80, రోగి 20. మిగిలిన 50 డాక్టరు వదులుకోవాలి, దాన్ని సీఓ-45 అనే సర్దుబాటు కోడ్ కింద చూపుతారు. చాలామంది ఆ 50ని కూడా రోగి ఖాతాలో వేసి 70 అంటారు. అప్పుడు ఇంటర్వ్యూ చేసేవారు ‘మరి రోగి ఫోన్ చేసి ఇంత బిల్లు ఎందుకని అడిగితే ఏం చెబుతారు?’ అని ఇంకో ప్రశ్న వేస్తారు. తప్పు దిద్దుకోవడానికి మీకు ఇచ్చే అవకాశం అదే.